కల్లు, సారా, విస్కీ – షరీఅత్ నిర్ణయం

కామవరపుకోట చుట్టుప్రక్కల పల్లెలలో మత్తు పానీయాలకు ఒక అంతస్తుల వరుస ఉంది. కల్లు కూలివానిది. నాటుసారా తెగించినవానిది. విస్కీ, బ్రాందీ మాత్రం కాస్త చదువూ, చేతిలో నాలుగు డబ్బులూ ఉన్నవారివి. ముస్లిం కుటుంబాలలో సైతం ఈ వరుస మనస్సులలో నాటుకుపోయింది. కొడుకు కల్లుపాక దగ్గర కనిపించాడని తెలిస్తే తలవంచుకునే తండ్రి, అదే కొడుకు స్నేహితుల విందులో రంగుసీసా మూత తీశాడంటే ఏదో బలవంతం చేసి ఉంటారులే అని సరిపెట్టుకుంటాడు. ఈ తారతమ్యానికి షరీఅత్‌లో చోటు ఉన్నదా అన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

దీనికి తోడు కొన్ని వాదనలు కూడా వినిపిస్తుంటాయి. దివ్య ఖుర్ఆన్ నిషేధించినది ‘ఖమ్ర్’ను, అంటే ద్రాక్ష సారాయాన్ని మాత్రమేనని, బార్లీ గింజలతో చేసే విస్కీ పేరు అందులో లేదని కొందరంటారు. కల్లు చెట్టునుండి దిగిన నీరేగదా, ఎండలో పనిచేసేవానికి బలమిస్తుందిగదా అని మరికొందరంటారు. బ్రాందీ సంగతి సరేసరి; అది మందు. తెలుగులో మద్యానికి ‘మందు’ అన్న పేరే స్థిరపడిపోయింది! ఈ వాదనలకు సమాధానం చెప్పబోయే ముందు, అసలు ఈ పానీయాలేమిటో, ఎలా తయారవుతాయో తెలుసుకోవటం అవసరం. వస్తువు స్వరూపం తెలియనిదే దాని ధర్మనిర్ణయం తెలియదు.

తాటిచెట్టు గెలను గీచి లొట్టి కట్టినప్పుడు మొదట దిగేది తియ్యని నీరు. దీనినే నీరా అంటున్నాం. అందులో మత్తు లేదు. కాని గాలిలోను, లొట్టి అంచుల్లోను ఉండే సూక్ష్మజీవులు అందులోని చక్కెరను తినటం మొదలుపెట్టి దానిని మద్యసారంగా మార్చుతాయి. మన ఎండలకు ఈ మార్పు రావటానికి కొన్ని గంటలు చాలు. లొట్టి లోపల సున్నం పూస్తే ఈ పులియటం ఆగుతుంది, ఆ నీటిని కాచి తాటిబెల్లం వండుకోవచ్చు. సున్నం పూయకపోతే అది కల్లు. కల్లులో మద్యసారం సుమారు నూటికి 4 మొదలు 6 పాళ్ళ వరకు ఉంటుంది. అలాగే ఇంకా వదిలివేస్తే పుల్లబడి చివరకు సిర్కాగా మారుతుంది. ఒకే చెట్టు, ఒకే నీరు. ఉదయం హలాలు, మధ్యాహ్నానికి హరాము, మరికొన్ని రోజులకు సిర్కాగా మారి మళ్ళీ హలాలు. హుక్మ్ చెట్టు మీద లేదు, పేరు మీద లేదు, ఆ నీటిలో పుట్టిన మత్తు మీద ఉంది.

పులియబెట్టినంత మాత్రాన ఎంతటి ఘాటైన పానీయమూ రాదు. మద్యసారం నూటికి 14, 15 పాళ్ళు దాటేసరికి ఆ సూక్ష్మజీవులే చచ్చిపోతాయి. అంతకంటె ఘాటు కావాలంటే బట్టీ పెట్టవలసిందే. నీరు 100 డిగ్రీల వేడికి మరుగుతుంది, మద్యసారం 78 డిగ్రీలకే ఆవిరి అవుతుంది. కనుక పులిసిన ద్రవాన్ని కాచి, ముందుగా లేచే ఆవిరిని చల్లబరచి పట్టుకుంటే దిగేదే సారా. బెల్లపు ఊటను కాస్తే నాటుసారా. ద్రాక్షరసాన్ని పులియబెట్టి కాస్తే బ్రాందీ. చెరకు రసాన్నో, మడ్డినో కాస్తే రమ్ము. మొలకెత్తిన బార్లీని కాచి ఓక్ పీపాలలో మాగబెడితే విస్కీ. స్కాట్లండు చట్టం ప్రకారం కనీసం మూడేళ్ళు పీపాలో ఉండాలి, 40 పాళ్ళకు తగ్గని మద్యసారం ఉండాలి. విస్కీ అన్న మాటకు ఆ దేశపు పాత గేలిక్ భాషలో జీవజలమని అర్థం. 1494వ సంవత్సరపు స్కాట్లండు రాజకోశపు పద్దులలో జాన్ కోర్ అనే క్రైస్తవ సన్యాసికి ఈ ‘జీవజలం’ కాయటానికి ఎనిమిది ‘బోల్’ల మాల్టు ఇచ్చినట్లు వ్రాసి ఉంది. మఠంలో మందుగా మొదలై సంతలో మత్తుగా స్థిరపడటం ఈ పానీయాల చరిత్రలో పరిపాటి.

మరి మన అంగళ్ళలో విస్కీ పేరుతో దొరికేదేమిటి? చాలామందికి తెలియని సంగతి ఇక్కడ ఉంది. మనదేశంలో అమ్ముడయ్యే సామాన్య రకాల విస్కీలో అధిక భాగం బార్లీని కాచి మాగబెట్టినది కాదు. చక్కెర మిల్లులలో చెరకునుండి పంచదార తీయగా మిగిలిన మడ్డిని, అంటే మొలాసిస్‌ను, లేదా నూకలవంటి చవక ధాన్యాన్ని పులియబెట్టి, బట్టీపట్టి, రుచీ వాసనా లేని స్పిరిట్‌గా శుద్ధిచేస్తారు. దానికి నీరు కలిపి, మాడ్చిన పంచదారతో రంగు వేసి, వాసన ద్రవ్యాలు చేర్చుతారు. ఒక్కొక్క దానిలో కొద్దిగా మాల్టు స్పిరిట్ కలుపుతారు. ఆ స్పిరిట్‌కే ఒక వాసన చేర్చితే విస్కీ, మరొక వాసన చేర్చితే బ్రాందీ. ఐరోపా దేశాల చట్టం మొలాసిస్‌తో చేసిన దానిని విస్కీ అన్న పేరుతో అమ్మనివ్వదు. అంటే జంగారెడ్డిగూడెం దారిలో చాటుగా కాచే బెల్లపు ఊటకు, వెలుగుదీపాల దుకాణంలోని రంగుసీసాకు తల్లి ఒక్కతే, చెరకు. ఒకటి పొగచూరిన కుండలో కాగింది, మరొకటి ఉక్కు గోపురంలో కాగింది. శుభ్రతలో తేడా ఉన్నమాట నిజం. మత్తులో లేదు.

లెక్క కూడా చూద్దాం. మనదేశపు విస్కీ సీసాలపై మామూలుగా 42.8 శాతం అని ముద్రించి ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసాలో ఉండే మద్యసారం సుమారు 77 మిల్లీలీటర్లు. నూటికి 5 పాళ్ళుండే కల్లులో ఇంత మద్యసారం కావాలంటే ఒకటిన్నర లీటరు త్రాగాలి. కల్లు త్రాగేవానిని చూచి ముక్కుమూసుకొని క్వార్టరు జేబులో వేసుకునే పెద్దమనిషి, లొట్టెడు కల్లు జేబులో వేసుకున్నట్లే.

ఇక్కడ ఒక చిన్న ప్రస్తావన. ఆల్కహాల్ అన్న మాట అరబ్బీ ‘అల్ కుహ్ల్’ నుండి వచ్చిందని, కనుక ముస్లిములే దానిని కనిపెట్టారని మనవారిలో కొందరు గర్వంగానో, ఇతరులు వెక్కిరింపుగానో అంటుంటారు. కుహ్ల్ అంటే మన కండ్లకు పెట్టుకునే సుర్మా. మెత్తగా నూరిన పొడి అన్న అర్థంలో ఆ మాట ఐరోపాకు వెళ్ళింది. అక్కడ 16వ శతాబ్దిలో సారాన్నంతా పిండి తీసిన పదార్థమన్న అర్థానికి మారి, క్రమంగా మద్యసారానికే అంటుకుపోయింది. బట్టీ విద్యను పెంచటంలో ముస్లిం రసాయనవేత్తల కృషి నిశ్చయంగా ఉంది. అల్ కిందీ వ్రాసిన పరిమళద్రవ్యాల గ్రంథం పన్నీరు వంటివాటికి సంబంధించినది. పాత్ర ఒకటే అయినా పన్నీరు కాచినవాడూ సారా కాచినవాడూ ఒకటి కారు.

ఇక షరీఅత్ విషయానికి వద్దాం. మద్యనిషేధం ఒక్కరోజున దిగలేదని పాఠకులకు తెలుసు. అన్నహ్ల్ సూరా 67వ ఆయతులో ఖర్జూరం, ద్రాక్షలనుండి ప్రజలు మత్తునూ మంచి ఆహారాన్నీ తీసుకుంటున్న సంగతి ప్రస్తావించబడింది. రెండింటినీ వేరువేరుగా పేర్కొనటంలోనే ఒక సూచన ఉంది. తరువాత అల్ బఖరా 219లో దాని లాభంకంటె పాపమే పెద్దదని తెలుపబడింది. అన్నిసా 43లో మత్తులో నమాజును సమీపించరాదన్న ఆజ్ఞ వచ్చింది. చివరకు అల్ మాయిదా 90, 91 ఆయతులలో మద్యం, జూదం షైతాను చేష్టలలోని మాలిన్యమని, విసర్జించవలసినవని అంతిమ తీర్పు వెలువడింది.

ద్రాక్ష సారాయమే ఖమ్ర్ అనేవారు ఈ అంతిమ ఆజ్ఞ దిగిననాటి మదీనాను గుర్తుకు తెచ్చుకోవాలి. ఆనాడు హజ్రత్ అనస్ (రజి) తన ఇంటి పెద్దయైన అబూ తల్హా (రజి) మిత్రులకు పానీయం పోస్తున్నారు. వీధిలో నిషేధ ప్రకటన వినిపించగానే ఉన్నదంతా పారబోశారు. ఆ పారబోసినది ద్రాక్షది కాదు. మదీనాలో ద్రాక్ష పానీయం చాలా అరుదని, తాము త్రాగుతున్నది ఖర్జూరంతో చేసినదేనని అనస్ (రజి)యే స్పష్టంగా తెలిపారు. ఆ సమావేశంలో ఉన్నవారి మాతృభాష అరబ్బీ. ఖమ్ర్ అన్న మాటకు అర్థం మనకంటె వారికే బాగా తెలుసు. వారిలో ఒక్కరైనా ఇది ద్రాక్షది కాదుగదా, ఉంచుకుందామా అని అడగలేదు.

అటుపిమ్మట హజ్రత్ ఉమర్ (రజి) మింబరుపై నిలబడి, నిషేధం దిగిననాడు మద్యం ద్రాక్ష, ఖర్జూరం, తేనె, గోధుమ, బార్లీ అనే ఐదింటినుండి తయారయ్యేదని, బుద్ధిని కప్పివేసేదంతా ఖమ్రేనని వివరించారు. ఇది సహీహ్ బుఖారీలో ఉంది. గోధుమ, బార్లీ! విస్కీ పేరు పుట్టకముందే దాని ముడిసరుకు పేరు మింబరు మీద వినిపించింది. అబూ మూసా అష్అరీ (రజి) యమన్ దేశానికి బయలుదేరుతూ అక్కడి తేనె పానీయం, బార్లీ పానీయం సంగతి అడిగినప్పుడు దైవప్రవక్త (స) ఏయే దినుసులని విచారించక, మత్తునిచ్చేదంతా హరామని ఒక్కమాటలో సూత్రం చెప్పారు.

కల్లు బలమిస్తుందన్న వాదనకు సైతం హదీసులలో సూటియైన సమాధానం ఉంది. దైలమ్ హిమ్యరీ (రజి) అనే సహాబీ, తమది చలిప్రదేశమని, కష్టమైన పనులు చేస్తామని, అందుకు శక్తినిచ్చే పానీయాన్ని గోధుమలతో చేసుకుంటామని విన్నవించారు. అది మత్తునిస్తుందా అని మాత్రమే దైవప్రవక్త (స) అడిగారు. ఇస్తుందనగానే దానిని విడనాడమన్నారు. అబూ దావూద్ గ్రంథంలోని ఈ ఉల్లేఖనాన్ని చదివితే మన మెట్టపొలాల కూలీయే అడుగుతున్నట్లు ఉంటుంది. చలికి బదులు ఎండ, గోధుమకు బదులు తాడి. అయితే నీరా సంగతి వేరు. దైవప్రవక్త (స) కొరకు ఎండు ద్రాక్షను నీటిలో నానవేసి ఉంచేవారని, ఆ పానీయాన్ని మూడవ రోజు సాయంత్రం వరకే వాడి తరువాత వదిలివేసేవారని ఇబ్ను అబ్బాస్ (రజి) ఉల్లేఖించారు. నీరా ఆ కోవలోనిదే. కాని మన దేశపు వేడిలో రోజుల లెక్క పనికిరాదు. పులుపూ నురగా వచ్చిందా లేదా అన్నదే చూడాలి.

హనఫీ మజ్‌హబ్‌ను అనుసరించే మనకు మరొక చిక్కు ఉంది. కొంచెం చదువుకున్నవారు దానినే ఎత్తిచూపుతారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఖమ్ర్ అన్న పేరును పచ్చి ద్రాక్షరసం పొంగి నురగవచ్చిన దానికే పరిమితం చేశారు. ద్రాక్ష, ఖర్జూరాలతో చేసే మరికొన్నిటిని కూడా నిషిద్ధమన్నారు. గోధుమ, బార్లీ, తేనె వంటివాటితో చేసిన పానీయాన్ని విలాసానికి కాక, మత్తు రాని పరిమాణంలో త్రాగటాన్ని ఆ కోవలో చేర్చలేదు. ఇది నిజమే, దాచవలసిన పని లేదు. కాని వినేవారు మిగతా సగం కూడా వినాలి. మత్తెక్కేటట్లు త్రాగటం ఆ మహనీయుని అభిప్రాయంలోనూ హరామే. ఆయన శిష్యులు ఇమామ్ ముహమ్మద్ (రహ్మ), మిగిలిన మూడు మజ్‌హబుల ఇమాములు, మత్తునిచ్చే ఏ పానీయమైనా చుక్కయైనా హరామేనన్నారు. దేనిని ఎక్కువగా త్రాగితే మత్తు వస్తుందో దాని కొంచెమూ హరామన్న హదీసే వారికి ఆధారం. తరువాతి హనఫీ ధర్మవేత్తలు, దుర్రె ముఖ్తార్ గ్రంథకర్త, దాని వ్యాఖ్యాత ఇబ్ను ఆబిదీన్ వంటివారు, ఫత్వా ఇమామ్ ముహమ్మద్ మాట మీదనే అని స్పష్టపరిచారు. కనుక విస్కీ గ్లాసు చేతబట్టి ఇమామె ఆజమ్ పేరు చెప్పటం ఆయనకు అన్యాయం చేయటమే.

ఇమామ్ అబూ హనీఫా విభజన ఈనాడు ఉపయోగపడే చోటు మరొకటి ఉంది. దగ్గుమందులలో, హోమియో చుక్కలలో, సెంట్లలో మద్యసారం కలుస్తుంది. ఇది చాలావరకు మొలాసిస్, ధాన్యం, రసాయనాలనుండి తీసినదే గాని ద్రాక్ష, ఖర్జూరాలది కాదు. అందువలన మందులోను, పైపూతగాను వాడకంలో ఆ అభిప్రాయాన్ని అనుసరించి వెసులుబాటు ఉన్నదని పాకిస్తాను ధర్మవేత్త ముఫ్తీ తఖీ ఉస్మానీ వంటివారు వ్రాశారు. సెంటు పూసుకున్నవాని నమాజు చెల్లదని మస్జిదులో తగవు పెట్టుకునేవారు దీనిని గమనించాలి. దీనికీ, త్రాగటానికీ సంబంధం లేదు.

బ్రాందీ మందన్న మాట మన ఇండ్లలో ఆడవారి ద్వారా ఎక్కువగా సాగుతోంది. బాలింతకు వేడి పుట్టాలని గుక్కెడు, జలుబు చేసిన పసిబిడ్డకు చెంచాలో నాలుగు చుక్కలు! మద్యం త్రాగినప్పుడు చర్మంలోని రక్తనాళాలు వ్యాకోచించి ఒళ్ళు వెచ్చబడినట్లు అనిపిస్తుంది. నిజానికి లోపలి వేడి ఆ దారినే బయటికి పోతుంది. బాలింత త్రాగినది పాలద్వారా బిడ్డకు చేరుతుంది. తారిఖ్ బిన్ సువైద్ (రజి) మందుకొరకు తయారుచేస్తానన్నప్పుడు దైవప్రవక్త (స) అది మందు కాదు, జబ్బని తెలిపిన హదీసు సహీహ్ ముస్లిమ్‌లో ఉంది. 1988లోనే అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ మద్య పానీయాలను కాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. ఆరోగ్యానికి హానిచేయని పరిమాణమంటూ మద్యానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. చెంచాలో నాలుగు చుక్కలు పోసే నానమ్మలకు ఈ సంగతి చెప్పేవారు కావాలి.

ప్రభుత్వాలు కూడ ఈ విషయంలో ఎన్నో దారులు తొక్కాయి. పూర్వపు మద్రాసు రాష్ట్రంలో 1948 నాటికి అంతటా మద్యనిషేధం అమలయింది. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలోని కామవరపుకోట దాని క్రిందనే ఉండేది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఈ మద్యనిషేధ వివాదంపైనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. తరువాత నిషేధం పోయి 1968 ఎక్సైజు చట్టం వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవారు సారా దుకాణం మూయించటంతో చెలరేగిన ఉద్యమం వల్ల 1993 అక్టోబరునుండి సారా, 1995 జనవరినుండి మిగతా మద్యం నిషేధింపబడ్డాయి. 1997లో సంపూర్ణ నిషేధం తొలగింది. అయితే సారాపై నిషేధం మిగిలింది. దానితో సారా నేరస్థురాలు, విస్కీ లైసెన్సు గల వ్యాపారి అయ్యాయి. పైన చెప్పిన అంతస్తుల వరుసకు చట్టం కూడ ముద్రవేసినట్లయింది. 2022 మార్చిలో జంగారెడ్డిగూడెంలో వరుసగా మరణాలు సంభవించినప్పుడు నాటుసారాయే కారణమని బాధిత కుటుంబాలు అన్నాయి. అవి సహజ మరణాలని నాటి ప్రభుత్వం శాసనసభలో చెప్పింది. చనిపోయినవారి ఇండ్లలో మిగిలినది మాత్రం ఒక్కటే. ఆ సమయంలో మన బజారులో వినిపించిన వ్యాఖ్య, మంచి సరుకు త్రాగితే బ్రతికేవారుగదా అన్నది.

ఈ మంచి సరుకు వ్యాపారమే మన సమాజాన్ని మరొక వైపునుండి తాకుతోంది. త్రాగనివాడు కూడ దీనిలో చిక్కుకుంటాడు. మద్యం విషయంలో పిండినవాడు, మోసినవాడు, అమ్మినవాడు, దాని వెల తిన్నవాడు మొదలుగా పదిమంది శాపగ్రస్తులని హదీసు తెలుపుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరునుండి ప్రభుత్వమే నడిపిన దుకాణాలు 2024 అక్టోబరులో తిరిగి ప్రైవేటు లైసెన్సుదారుల పరమయ్యాయి. లైసెన్సు వచ్చినవానికి బజారులో గది కావాలి. రోడ్డువారగా గదులున్న ముస్లిం యజమాని ముందుకు, మామూలు అద్దెకు రెండింతలు పట్టుకొని వస్తాడు. నేను త్రాగటం లేదు, అమ్మటం లేదు, గోడలు మాత్రం అద్దెకిచ్చాను అని యజమాని అనుకుంటాడు. హిదాయా గ్రంథంలో ఈ మసలా ఉంది. ఇరాకు పల్లెసీమలో, ముస్లిమేతరులే అధికంగా ఉండే చోట, ఇట్టి అద్దెకు ఇమామ్ అబూ హనీఫా అవకాశమిచ్చారు. ఆయన శిష్యులిద్దరూ పాపానికి తోడ్పాటని త్రోసిపుచ్చారు. ఇక్కడ దుకాణమనే తెలిసి, దుకాణం కొరకే అధిక అద్దె పుచ్చుకుంటున్నాడు గనుక, ప్రక్క వీధిలోనే మన మస్జిదూ మన పిల్లలూ ఉన్నారు గనుక, శిష్యుల మాటను అనుసరించటమే క్షేమమని మా అభిప్రాయం. బెల్లం వర్తకుని సంగతి కొంత భిన్నం. బెల్లం హలాలు సరుకు, కొనేవారినందరినీ కూపీ తీయనక్కరలేదు. అయితే రాత్రివేళ బస్తాలకు బస్తాలు నల్లబెల్లం ఏ బట్టీకి పోతున్నదో తెలిసి కూడ అమ్మేవాడు తెలియదనటానికి వీలులేదు.

అన్నిటికంటె ఎక్కువమందికి సంబంధించినది పొలంగట్ల మీద తాళ్ళ ప్రశ్న. ఈ తాళ్ళను గీతకు ఇచ్చి సంవత్సరానికి చెట్టుకింత అని పుచ్చుకునే పద్ధతి ఉంది. చెట్టు హలాలు, దిగే నీరూ హలాలు. ద్రాక్షరసాన్ని సారాయం చేసేవానికి అమ్మటంపై ఫిఖ్‌హ్ గ్రంథాలలో ఉన్న భిన్నాభిప్రాయమే దీనికీ వర్తిస్తుంది. ఇమామ్ అబూ హనీఫా దృష్టిలో అభ్యంతరం లేదు, శిష్యుల దృష్టిలో మక్రూహ్. గీతపనివాడు మన పొరుగువాడే, పేదవాడే. అతని నోటి దగ్గరి కూడు తీయమని ఎవరూ చెప్పటం లేదు. పెంటితాళ్ళయితే ముంజెలకు, ఆకుకు ఇచ్చుకోవచ్చు. పోతుతాళ్ళకు కాయ లేదు గనుక ఆకు పోగా మిగిలే రాబడి నీరే. దానిని సున్నపు లొట్టి కట్టి తాటిబెల్లానికి దింపే ఒప్పందం మీదనే ఇవ్వాలి. అట్టి ఒప్పందానికి వచ్చేవాడు తక్కువ డబ్బు ఇస్తాడు. బెల్లం వండటానికి కట్టెలూ శ్రమా అవసరం, కల్లుకు ఇవేవీ అక్కరలేదు. ఆ తగ్గిన రూకలను యజమానే భరించవలసి ఉంటుంది.